అడవంటే ఇష్టం, లెక్కలంటే భయం: ఈ కోర్సులో చేరనా?

ప్రశ్న: మేడమ్, నాకు యూనివర్సిటీలో సహజ వనరుల సంరక్షణ డిగ్రీలో సీటు వచ్చింది. చిన్నప్పటి నుంచి చెట్లన్నా పక్షులన్నా ప్రాణం. కానీ చేరాలంటే టెన్షన్‌గా ఉంది. సిలబస్‌లో నేల, నీరు, అడవి, చేపలు, చట్టాలు, ఆర్థికశాస్త్రం, స్టాటిస్టిక్స్ అన్నీ ఉన్నాయి. అన్నీ కొంచెం కొంచెం నేర్చుకుని చివరికి ఏదీ రాకుండా పోతుందేమో అని భయం. లెక్కల్లో నేను బాగా వీక్. నాన్న అయితే "చెట్లను కాపాడితే జీతం ఎవరిస్తారు?" అంటున్నారు. పైగా పర్యావరణం గురించి ఏ వార్త చదివినా ఇక అంతా అయిపోయిందన్నట్టే ఉంటుంది. నాలుగేళ్లూ అదే చదివితే తట్టుకోగలనా? చేరమంటారా? చేరేలోపు ఏం చేయాలి? ల్యాప్‌టాప్ ఎలాంటిది కొనుక్కోవాలి?

సమాధానం:

అమ్మా, ముందు అసలు ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను. చేరు. ఆ సీటు వదులుకోకు. అయితే చెట్లంటే ప్రాణం అన్న ఒక్క కారణంతో చేరితే మొదటి సెమిస్టర్‌లోనే నీకు నిరాశ కలుగుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ఇదే చదువు చదివాను, కొన్నేళ్లు ఫీల్డ్‌లో పనిచేశాను, ఇప్పుడు ఇదే పాఠం చెబుతున్నాను. ఏటా కొత్తగా చేరిన పిల్లల్ని ఎందుకొచ్చారని అడుగుతాను. చాలామంది నువ్వు రాసిన మాటే చెబుతారు. వాళ్లలో కొందరు నిలదొక్కుకుంటారు, కొందరు మధ్యలో వదిలేస్తారు. ప్రకృతి మీద ప్రేమ ఇద్దరికీ ఉంటుంది. ఒకే చోటికి పదేపదే వెళ్లి, ఒకే విషయాన్ని ఒకే పద్ధతిలో కొలిచి, ఆ అంకె తన మనసుకు నచ్చకపోయినా ఉన్నదున్నట్టు రాసుకునే ఓపిక మాత్రం నిలబడినవాళ్లకే ఉంటుంది. నీకు ఆ ఓపిక ఉందో లేదో నాకు తెలియదు. కానీ అది పుట్టుకతో రావాల్సిందేమీ కాదు, అలవాటు చేసుకోవచ్చు.

సంరక్షణ అనగానే చుట్టూ కంచె వేసి ఎవరినీ ముట్టుకోనివ్వకపోవడం అనుకుంటాం. నీ కోర్సు పేరులో "వనరులు" అనే మాట కూడా ఉంది చూడు. వనరు అంటేనే మనిషి వాడుకునేది. కలప, మేత, చేప, సాగునీరు, నేల సారం, వీటిని ముట్టుకోకుండా ఎవరూ బతకలేరు. ఎంత తీసుకోవచ్చు, ఎంత వదలాలి, ఆ సంగతి ఎవరు తేల్చాలి? నాలుగేళ్లూ నువ్వు చదివేది తిప్పితిప్పి ఈ మూడు ప్రశ్నలే. 1713లో జర్మనీలోని సాక్సనీలో గనుల అధికారిగా ఉన్న హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ ఒక పుస్తకం రాశాడు. వెండి గనులకూ, ఖనిజం కరిగించే కొలిములకూ కలప, కట్టెలు చాలక అడవులు తరిగిపోతున్న రోజులవి. నరికినదానికి తగ్గట్టు నాటుతూ, అడవి ఎడతెగకుండా అందేలా వాడుకోవాలని ఆయన వాదించాడు. ఇప్పుడు అందరి నోళ్లలో నానుతున్న "సుస్థిరత" అనే ఆలోచనకు అటవీశాస్త్రంలో పునాది అక్కడే పడిందంటారు. ఆ పునాదిలో అడవి మీద ప్రేమ కంటే కట్టెల లెక్కే ఎక్కువ.

సరిగ్గా 200 ఏళ్ల తర్వాత, 1913లో, అమెరికాలో యోసెమిటీ నేషనల్ పార్క్ లోపల ఉన్న హెచ్ హెచీ లోయలో శాన్ ఫ్రాన్సిస్కో నీటి కోసం డ్యామ్ కట్టుకోవడానికి చట్టం చేశారు. అటవీ శాఖ మొదటి అధిపతిగా పనిచేసిన గిఫర్డ్ పించో అది కట్టాలన్నాడు, ప్రజల అవసరం ముందన్నాడు. ప్రకృతి గురించి రాసే రచయిత జాన్ మ్యూర్ ఆ లోయను ఉన్నదున్నట్టు వదిలేయాలని చివరిదాకా పోరాడి ఓడిపోయాడు, మరుసటి ఏడాదే చనిపోయాడు. ఈ వాదన నీ క్లాసులో తప్పకుండా వస్తుంది. అప్పుడు నువ్వు ఏ పక్షమో వెంటనే తేల్చేసుకోకు. ఇప్పటికీ ప్రతి నది దగ్గరా, ప్రతి అడవి అంచునా ఈ ఇద్దరి వాదనే వేరే గొంతులతో నడుస్తోంది. రెండు వైపులా న్యాయం ఉన్నప్పుడు ఎలా ఆలోచించాలో నేర్చుకోవడం ఈ చదువులో పెద్ద భాగం.

ఈ చదువు ఎందుకు అవసరమో ఒక్క ఉదాహరణతో చెప్పమంటే నేను న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప సంగతే చెబుతాను. కెనడా తూర్పు తీరంలో దాదాపు 500 ఏళ్లుగా జనం వేటాడుతూ వచ్చిన చేప అది. 20వ శతాబ్దం సగం గడిచాక పెద్ద పెద్ద ట్రాలర్లు వచ్చాయి. పట్టిన చేపను సముద్రం మీదే శుభ్రం చేసి ఫ్రీజ్ చేసే ఓడలు. 1968లో ఒక్క ఏడాదిలోనే సుమారు 8 లక్షల టన్నులు పట్టారు. ఆ తర్వాత పట్టుబడి పడిపోయింది. 1977లో కెనడా తన పరిధిని 200 నాటికల్ మైళ్లకు పెంచుకుని విదేశీ ఓడల్ని దాదాపుగా బయటికి పంపేసింది. ఇక చేప కోలుకుంటుందనే అందరూ అనుకున్నారు. ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఏటా సముద్రంలో ఎంత చేప ఉందో అంచనా వేసేవాళ్లు, దాన్నిబట్టి ఎంత పట్టొచ్చో కోటా ఇచ్చేవాళ్లు. చూడ్డానికి అన్నీ పద్ధతిగానే జరిగాయి. 1992 జూలై 2న మాత్రం ఆ చేప వేటను పూర్తిగా ఆపేస్తున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది. సుమారు 30 వేల మందికి పని పోయింది. రెండేళ్లు ఆపితే చాలనుకున్నారు. మళ్లీ వాణిజ్య వేటగా తెరిచింది 2024లో, 32 ఏళ్ల తర్వాత. అదీ చాలా చిన్న కోటాతో.

ఎక్కడ తప్పింది? అంచనాకు రెండు రకాల అంకెలు వాడేవాళ్లు. ఒకటి, పరిశోధన ఓడ సముద్రంలో ముందుగా లాటరీ తీసినట్టు ఎంచుకున్న చోట్లకు వెళ్లి వల వేసి చూసిన అంకె. రెండోది, వేట ఓడలు గంటకు ఎంత పట్టాయన్న అంకె. చేప మొత్తంగా తగ్గిపోతున్నా, మిగిలినవి కొన్ని చోట్ల గుంపుగా చేరాయి. శబ్దంతో చేపల గుంపుల్ని కనిపెట్టే సోనార్ పరికరం ఉన్న ఓడలు నేరుగా ఆ గుంపుల దగ్గరికే వెళ్లాయి. సగం ఖాళీ అయిన హాల్లో మిగిలిన జనమంతా ఒక మూలకు చేరితే, ఆ మూలలో నిలబడ్డవాడికి హాలు నిండుగానే కనిపిస్తుంది. గంటకు పట్టే చేప తగ్గలేదు కాబట్టి సముద్రంలో చేప ఉందనే అనుకున్నారు. ఒడ్డుకు దగ్గర్లో చిన్న పడవల మీద వేటాడేవాళ్లు మాత్రం చేప తగ్గుతోంది, సైజు కూడా చిన్నదవుతోంది అని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. వాళ్ల మాట లెక్కలోకి సరిగా రాలేదు.

ఇప్పుడు లెక్కల్లో వీక్ అన్న నీ భయాన్ని ఈ సంగతితో పోల్చి చూడు. అక్కడ లోపించింది పెద్ద పెద్ద సూత్రాలు కాదు. ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు ఎక్కడ నిలబడి కొలిచారు అని గట్టిగా అడగడం. నీకు మొదటి ఏడాదిలోనే చెప్పే పద్ధతి ఒకటుంది. ఒక సరస్సులో ఎన్ని చేపలున్నాయో తెలుసుకోవాలి, అన్నీ పట్టి లెక్కపెట్టలేం. 50 చేపలు పట్టి రెక్కకు చిన్న గుర్తు పెట్టి వదిలేస్తాం. కొన్నాళ్లాగి మళ్లీ 40 పడతాం. వాటిలో 10 చేపలకు మన గుర్తు కనిపించిందనుకో. అంటే పట్టినవాటిలో నాలుగో వంతు మనం గుర్తు పెట్టినవే. మనం గుర్తు పెట్టింది 50 కాబట్టి మొత్తం సుమారు 200. ఇంతే, బడిలో నేర్చుకున్న నిష్పత్తే. ఆలోచించాల్సిందల్లా ఆ తర్వాత మొదలవుతుంది. గుర్తు పెట్టిన చేపల్లో కొన్ని చచ్చిపోయాయా? గుర్తు ఊడిపోయిందా? ఒకసారి వలలో పడ్డ చేప రెండోసారి వలను తప్పించుకుంటోందా? ఈ మధ్యలో కొత్త చేపలు వచ్చి చేరాయా? వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆ 200 తప్పు. గుర్తులు ఊడిపోతే అసలు సంఖ్య కంటే ఎక్కువ వస్తుంది, ఎందుకో కాగితం మీద వేసుకుని చూడు. అది నీ అంతట నీకు అర్థమైతే ఈ కోర్సులో నీకు లెక్కల భయం అక్కర్లేదు.

నేల సంగతి కూడా అంతే. ఒక వాన కాలంలో పొలం మీద నుంచి ఒక్క మిల్లీమీటరు మట్టి కొట్టుకుపోయిందంటే కంటికి ఆనదు. ఒక హెక్టారు అంటే 10 వేల చదరపు మీటర్లు. దాని మీద మిల్లీమీటరు మందం అంటే 10 ఘనపు మీటర్ల మట్టి, బరువులో సుమారు 13 టన్నులు. అదే మిల్లీమీటరు మట్టి కొత్తగా తయారవడానికి చాలా చోట్ల పదేళ్లో, అంతకంటే ఎక్కువో పడుతుంది. నేను ఈ లెక్క మొదటిసారి చేసిన రోజు నాకు బాగా గుర్తుంది. అప్పటిదాకా నేల కోత అంటే నాకు లోతుగా తెగిపోయిన గండ్లే. ఆ తర్వాత చదునుగా, మామూలుగా కనిపించే పొలాన్ని చూసినా భయం వేసేది.

కాబట్టి స్టాటిస్టిక్స్‌ను తప్పించుకునే దారులు వెతకొద్దు. ఆ పేపర్‌ను చివరి ఏడాదికి వాయిదా వేసుకునే వీలుంటే కూడా వేసుకోకు, మొదటే తీసుకో. పుస్తకంలో ఇచ్చిన లెక్కలతో పాటు నువ్వు స్వయంగా కొలిచి తెచ్చిన అంకెల మీద కూడా చేసి చూడు. సొంత డేటా అయితే సగటు అన్నా, తేడా అన్నా అర్థమయ్యే తీరే వేరు.

సొంత డేటా అన్నాను కాబట్టి నా సంగతి ఒకటి చెప్పాలి. డిగ్రీ రెండో ఏడాదిలో మాకు అడవిలో ఒక ప్లాట్ అప్పగించారు. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. అందులో ప్రతి చెట్టుకూ నంబరు రేకు కట్టి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో కాండం చుట్టుకొలత రాయాలి. ఛాతీ ఎత్తు కొలత అంటారు దాన్ని. చాలా దేశాల్లో ఆ ఎత్తునే పాటిస్తారు. నాకది చిన్నపిల్లల పనిలా అనిపించింది. నేను టేపు చుట్టి అంకె చెబుతుంటే నా స్నేహితురాలు రాసుకుంది. ఒక్క పూటలో అరవై చెట్లు ముగించి త్వరగా వచ్చేశామని సంతోషపడ్డాం కూడా. ఏడాది తర్వాత అదే ప్లాట్‌కు వెళ్లి మళ్లీ కొలిచాం. ఆ రాత్రి రెండేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే పదకొండు చెట్లు సన్నబడ్డాయి.

చెట్టు అంతలా సన్నబడదు. మర్నాడు ఆ పదకొండు చెట్ల దగ్గరికీ వెళ్లి ఒక్కోదాని చుట్టూ తిరిగి చూశాను. ఒకదాని మీద వేలు మందం తీగ పాకి ఉంది. మొదటిసారి నేను టేపును ఆ తీగ మీదుగానే చుట్టేశాను. ఇంకోదానికి బెరడు మీద నాచు దట్టంగా ఉంది. కొన్నిటికి నేను కాండం వెనక్కి వెళ్లి చూడకపోవడంతో టేపు అటువైపు కిందికి జారి ఉంటుంది. వాలిన టేపు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. వాలు మీద ఉన్న చెట్టుకు ఎగువ వైపు నిలబడి 1.3 మీటర్లు కొలవాలి. నేను కాలు నిలిచిన చోట నిలబడ్డాను. ఎక్కడ కొలిచానో చెట్టు మీద గుర్తూ పెట్టలేదు. ఆ ప్లాట్‌లో చెట్లు ఏడాదిలో ఎంత పెరిగాయో చెప్పడానికి మా దగ్గర ఇక ఏమీ మిగల్లేదు. రెండో ఏడాది కొలతను మళ్లీ సరిచేసుకోగలిగాం, కానీ మొదటి ఏడాదికి వెనక్కి వెళ్లలేం కదా. అప్పటి నుంచి తీగ ఉంటే దాన్ని కాండం నుంచి విడదీసి టేపును దాని కిందుగా దూర్చడం, నాచును అరచేత్తో తుడవడం, చుట్టూ తిరిగి టేపు సమంగా ఉందో లేదో చూడటం, కొలిచిన చోట సన్నగా పెయింట్ గీత పెట్టడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు మా పిల్లలు ఒక పూటలో ఇరవై చెట్లే కొలిచినా నేనేమీ అనను.

ఒకే చోట ఏళ్ల తరబడి ఆపకుండా కొలవడం ఎంత విలువైనదో చూడు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో ఒక గోధుమ పొలం మీద 1843లో మొదలైన ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో చార్లెస్ కీలింగ్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు అది పది లక్షల భాగాలకు దాదాపు 315 భాగాలు. ఇప్పుడు 420 దాటింది. మధ్యలో నిధులు కష్టమైన రోజులూ ఉన్నాయి, మళ్లీ మళ్లీ అదే కొలవడం దేనికని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆయన ఆపలేదు కాబట్టే మనకు ఆ పెరుగుదల ఇంత స్పష్టంగా తెలుసు.

ఇక మనుషుల సంగతి. నీ ఉత్తరంలో చెట్లున్నాయి, పక్షులున్నాయి, మనుషులు లేరు. ఇది తప్పుపట్టడానికి అనడం లేదమ్మా, ఆ వయసులో నేను రాసినా అలాగే రాసేదాన్ని. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఒక వ్యాసంలో ఉమ్మడి ఆస్తి ఏదైనా చివరికి పాడయ్యే తీరుతుందని వాదించాడు. ఉమ్మడి పచ్చికలో ప్రతివాడూ ఇంకో పశువును వదులుతూ పోతాడు, చివరికి గడ్డి మిగలదు అన్నాడు. అయితే ప్రైవేటుకు ఇచ్చేయాలి, లేదంటే ప్రభుత్వం చేతిలో ఉండాలి అని చాలామంది నమ్మారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే పరిశోధకురాలు ఆ మాటను ఉన్నపళంగా నమ్మకుండా నిజంగా ఉమ్మడిగా వాడుకుంటున్న చోట్లను వెతికి, అవి ఎలా నడుస్తున్నాయో చదివింది. స్విట్జర్లాండ్ కొండల్లో టోర్బెల్ అనే పల్లెలో 1517 నాటి నియమం ఒకటి ఆమె చెబుతుంది. చలికాలమంతా తన ఇంట్లో ఎన్ని ఆవుల్ని మేపగలడో, వేసవిలో ఉమ్మడి పచ్చికకు అన్నే పంపాలి. ఒక్క నియమంతో పశువుల సంఖ్య అదుపులో ఉంది. పోలీసులు అక్కర్లేదు, పెద్ద సర్వే అక్కర్లేదు, ఎవరింట్లో ఎన్ని ఉన్నాయో పక్కింటివాళ్లకు ఎలాగూ తెలుసు. ఈ పనికి ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే.

అందుకే సిలబస్‌లో చట్టం, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం చూసి ఇవన్నీ నాకెందుకు అనుకోకు. నేను చూసిన చాలా ప్రాజెక్టుల్లో చిక్కు చెట్లతో రాలేదు. ఆ చెట్ల కింద పశువుల్ని మేపుకునేవాళ్లను ఎవరూ ఒక్క మాట అడగకపోవడంతో వచ్చింది. ఫీల్డ్‌కు వెళ్లినప్పుడు మొదటి రోజు పరికరాలు బయటికి తీయకుండా అక్కడివాళ్లతో కూర్చుని వినడం నేర్చుకో. ఇది ఏ పేపర్‌లోనూ మార్కులు తెచ్చిపెట్టదు, అయినా నేర్చుకో.

అన్నీ కొంచెం కొంచెం అనే భయం మాత్రం నిజమైన భయమే. దీన్ని నేను కొట్టిపారేయను. ఈ డిగ్రీ చేసి పేరుకు అన్నీ తెలిసి, చేతికి ఏ పనీ రాకుండా బయటికొచ్చినవాళ్లను నేను చూశాను. నా సలహా ఏమిటంటే, రెండో ఏడాది అయ్యేలోపు రెండు ఎంచుకో. ఒకటి నీ విషయం: నేల, నీరు, అడవి, చేపలు, వన్యప్రాణులు, వీటిలో ఒకటి. రెండోది నీ పనిముట్టు: మ్యాపింగ్, స్టాటిస్టిక్స్, ల్యాబ్ పరీక్షలు, చట్టం, జనంతో సర్వేలు, వీటిలో ఒకటి. "నేను నీటి మనిషిని, మ్యాపింగ్ బాగా వచ్చు" అని ఒక్క వాక్యంలో చెప్పగలిగితే నీకు దారి దొరికినట్టే. మిగతా పేపర్లు వృథా కావు. నీటి మీద పనిచేసేవాళ్లకు ఎగువన అడవి ఎందుకు తగ్గిందో అర్థం కావాలి కదా.

పనిముట్టుల్లో ఏదీ తేల్చుకోలేకపోతే మ్యాపింగ్‌తో మొదలుపెట్టు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తున్నాయి, 2008 నుంచి ఆ ఫొటోలన్నీ అందరికీ ఉచితం. ఇప్పటి చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్లు. యూరప్ వాళ్ల సెంటినల్-2 ఉపగ్రహాలవైతే 10 మీటర్లు. నీకు బాగా తెలిసిన ఒక నీటి వనరునో, కొండనో తీసుకుని ముప్పై ఏళ్ల కింద ఎలా ఉందో, ఇప్పుడెలా ఉందో పక్కపక్కన పెట్టి చూడు. కానీ ఒక్కటి మర్చిపోకు. తెరమీద పచ్చగా కనిపించేదంతా అడవి కాదు, ఒకే జాతి చెట్లు వరసగా నాటిన తోట కూడా పచ్చగానే ఉంటుంది. అక్కడికి నడిచి వెళ్లి చూసినవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది.

నాన్నగారి ప్రశ్నకు వస్తాను. ఆయన మాటకు నొచ్చుకోకు, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. అటవీ శాఖలు, జలవనరుల సంస్థలు, నేల పరిరక్షణ, పరీవాహక ప్రాంతాల పనులు, గనులు తవ్వేసిన భూమిని మళ్లీ బాగుచేసే పనులు, పెద్ద నిర్మాణాలకు ముందు పర్యావరణ ప్రభావం అంచనా వేసే సంస్థలు, అడవుల్లో కార్బన్ ఎంత నిల్వ ఉందో కొలిచే ప్రాజెక్టులు, పరిశోధన, బోధన, ఇలా పని ఉన్న చోట్లు చాలానే ఉన్నాయి. అలాగని చక్కెర పూసి చెప్పను. మొదటి రెండు మూడేళ్లు చాలామందికి తాత్కాలిక కాంట్రాక్టులే దొరుకుతాయి. ప్రాజెక్టు అయిపోతే పని అయిపోతుంది. జీతం నెమ్మదిగా పెరుగుతుంది. ఇంటికి దూరంగా, ఫోన్ సిగ్నల్ లేని చోట నెలల తరబడి ఉండాల్సి రావచ్చు. ఇవన్నీ నాన్నగారికి దాచకుండా చెప్పు. నువ్వే కూర్చుని ఈ రంగంలో వచ్చిన ఉద్యోగ ప్రకటనలు ఓ ఇరవై సేకరించు, ఒక్కోదాంట్లో ఏ అర్హత, ఏ నైపుణ్యం అడిగారో రాసి ఆయనకు చూపించు. ఆ కాగితం ఆయనకెంత పనికొస్తుందో, ఏం నేర్చుకోవాలో తేల్చుకోవడానికి నీకూ అంతే పనికొస్తుంది. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించే మాటలు ఏవో చూడు.

నిరాశ గురించి అడిగావు. ఈ ప్రశ్న దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. తట్టుకోవడం కష్టమే. మూడో ఏడాదికొచ్చేసరికి మా పిల్లల్లో కొందరు దిగులుగా అయిపోతారు, నాకు తెలుస్తుంది. అప్పుడు నేను అరేబియన్ ఓరిక్స్ సంగతి చెబుతాను. పొడవాటి నిటారు కొమ్ముల తెల్లటి ఎడారి జింక అది. వేటగాళ్ల తుపాకులకు బలై 1972 నాటికి బయటి ప్రపంచంలో ఒక్కటీ మిగల్లేదు. జూలలో, కొందరి సొంత మందల్లో కొన్ని మాత్రం బతికున్నాయి. వాటి పిల్లల్ని పెంచి 1982లో ఒమన్ ఎడారిలో మళ్లీ వదిలారు. వాటిని మళ్లీ దొంగిలించుకుపోయారు, అక్కడి మంద దారుణంగా తగ్గిపోయింది, వేరే దేశాల్లో మళ్లీ ప్రయత్నించారు. 2011లో ఆ జంతువును అంతరించే ముప్పు జాబితాలో కాస్త మెరుగైన మెట్టుకు మార్చారు. అడవిలో పూర్తిగా అంతరించిందని రాసిన జంతువు అంత పైకి రావడం అదే మొదటిసారి. నేను దీన్ని సంతోషకరమైన కథగా చెప్పను, ఎందుకంటే మధ్యలో ఓడిపోయిన ఏళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఏళ్లలో కూడా ఎవరో ఒకరు రోజూ వెళ్లి వాటి అడుగుజాడలు లెక్కపెడుతూనే ఉన్నారు. దిగులు ఎక్కువైనప్పుడు నేను చేసేదీ అదే. వార్తలు పక్కన పెట్టి నా ప్లాట్‌కు వెళతాను. చేతిలో పని ఉన్నప్పుడు మనసు కాస్త నిలబడుతుంది. అయినా దిగులు వారాల తరబడి వదలకపోతే, నిద్ర, తిండి పాడైతే, యూనివర్సిటీలో కౌన్సిలర్ దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడకు.

అందంగా ఉన్న కథలను మాత్రం వెంటనే నమ్మేయకు. అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌లో 1995, 1996 సంవత్సరాల్లో 31 తోడేళ్లను తెచ్చి వదిలితే జింకలు తగ్గి, చెట్లు పెరిగి, నదుల దారే మారిపోయిందని నువ్వు వినే ఉంటావు. తోడేళ్లు తిరిగి రావడం నిజం, వాటి ప్రభావం ఉందన్నదీ నిజం. ఎంత ఉందన్నది శాస్త్రవేత్తల మధ్య ఇప్పటికీ వాదనే. ఎలుగులు, మనుషుల వేట, కరువు, వాగులకు అడ్డుకట్టలు కట్టే బీవర్ అనే జంతువులు లేకపోవడం కూడా లెక్కలోకి రావాలని కొందరంటారు. ఆ వాదన చదవడం ఆ కథ వినడం కంటే నీకు ఎక్కువ నేర్పుతుంది.

చేరేలోపు ఏం చేయాలన్నావు. పుస్తకాలేవీ ముందుగా చదవక్కర్లేదు. నువ్వు నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చోటు ఎంచుకో. ఒక చెట్టయినా సరే, నీటి ఒడ్డయినా సరే, ఖాళీ స్థలమైనా సరే. వారానికి ఒక్కసారి, ఒకే రోజున, ఒకే వేళకు వెళ్లి పదిహేను నిమిషాలు కూర్చో. ఎన్ని పక్షులు కనిపించాయి, ఏ చెట్టు చిగురేసింది, నీరు గుర్తు పెట్టిన రాయికి ఎంత కింద ఉంది, ఏదో ఒక్కటే ఎంచుకుని రాయి. ఏమీ కనిపించని రోజు సున్నా అని రాయి, ఖాళీగా వదలకు. ఖాళీ అంటే నువ్వు వెళ్లలేదని అర్థం, సున్నా అంటే వెళ్లావు, అక్కడ లేదు అని అర్థం. కాలేజీ తెరిచేసరికి నీ దగ్గర ఎనిమిదో పదో వరసలుంటాయి. మొదటి స్టాటిస్టిక్స్ క్లాసుకు వాటిని తీసుకెళ్లు.

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకు. మొదటి సెమిస్టర్‌కు కంప్యూటర్ ల్యాబ్ సరిపోతుంది. కొనేటప్పుడు మ్యాపింగ్ కోసం మెమరీ 16 జీబీ ఉండేలా చూసుకో, మిగతా హంగులు అక్కర్లేదు. మ్యాపింగ్‌కు క్యూజీఐఎస్ (QGIS), లెక్కలకు ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్లున్నాయి, రెండూ ఉచితమే. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టకు. ఆ డబ్బుతో నీళ్లలో నడిచినా జారని బూట్లు కొనుక్కో, కొత్తవి వేసుకుని నేరుగా ఫీల్డ్‌కు వెళ్లకుండా ముందు రెండు వారాలు ఇంటి దగ్గరే తొడుక్కుని తిరుగు. జేబులో పట్టే గట్టి అట్ట నోట్‌బుక్ ఒకటి, పెన్సిళ్లు నాలుగు. పెన్ను వద్దు, వాన పడితే సిరా పేజీ అంతా అలుక్కుపోతుంది, పెన్సిల్ రాత అలాగే ఉంటుంది.